లేచి తిరుగుతున్నారా?

పిట్టలవానిపాలెం మండలంలో చందోలు కానివ్వండి, ఖాజీపాలెం కానివ్వండి, అల్లూరు కానివ్వండి, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మనిషి గురించి ఊరు ముందుగా అడిగే ప్రశ్న "లేచి తిరుగుతున్నాడా?" అన్నదే. క్రియాటినిన్ ఎంతకు దిగింది, స్కానులో ఏం తేలింది అన్నవి ఆ తర్వాతి సంగతులు. మన భాష ఆరోగ్యాన్ని కదలికతోనే కొలుస్తుంది. జబ్బు ముదిరితే "మంచాన పడ్డాడు" అంటాం. కోలుకుంటే "మంచం దిగాడు" అంటాం. "కాళ్లూ చేతులూ ఆడుతుండగానే పోవాలి, ఒకరిచేత చేయించుకోకూడదు" అని మన పెద్దవాళ్లు కోరుకుంటారు. ఊరికి ఇంత స్పష్టంగా తెలిసిన ఈ కొలత ఆస్పత్రి కేసు షీటులోకి మాత్రం రాదు. అక్కడ జ్వరానికి, నాడికి, బీపీకి, తాగిన నీళ్లకి, పోసిన మూత్రానికి గడులు ఉంటాయి. రోగి నిన్న ఎన్ని అంగలు వేశాడో రాసే గడి ఉండదు. దాని బదులు చాలాసార్లు కనిపించేది మూడక్షరాల ఆదేశం: సి.బి.ఆర్., అంటే సంపూర్ణ విశ్రాంతి.

ఈ అధ్యాయం ఆస్పత్రి వార్డుల్లో పనిచేసే వైద్యుల కోసం, వాళ్లకు పని నేర్పే సీనియర్ల కోసం. చెప్పదలచుకున్నది ఒకే మాట. పునరావాస సేవల గురించి వైద్యులకు నేర్పడమంటే సిలబస్‌కు మరో పాఠం తగిలించడమే అనుకుంటే ఆ శ్రమ వృథా. ఊరు అడిగే ప్రశ్నను వార్డులో రోజూ అడిగే అలవాటు చేయించాలి. ఆ ప్రశ్న అడగడం మొదలుపెట్టిన వైద్యుడు జవాబు వెతుక్కుంటూ పోతే చాలు, ఫిజియోథెరపిస్టు చేసేదేమిటో, ఎవరిని ఎప్పుడు పిలవాలో, రోగి ఇల్లు ఎలా ఉంటుందో అన్నీ తెలిసివస్తాయి. అడగని వైద్యుడికి ఎన్ని తరగతులు చెప్పినా అవి పరీక్ష హాలు దాటి రావు.

పడక కూడా ఒక మందే

పడుకుంటే పోయేదేముంది, నాలుగు రోజులే కదా అనుకుంటాం. ఆ నాలుగు రోజులకూ ఒక ఖరీదుంది. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఇరవై ఏళ్ల ఆరోగ్యవంతులైన ఐదుగురు యువకులను మూడు వారాలపాటు మంచం మీదే ఉంచి పరీక్షించారు. ముప్ఫై ఏళ్ల తర్వాత అదే ఐదుగురిని మళ్లీ పిలిచి చూశారు. ముప్ఫై ఏళ్ల వయసు మీదపడి తగ్గించిన శక్తి కంటే, ఆనాటి మూడు వారాల పడక తగ్గించిన శక్తే ఎక్కువని తేలింది. 2007లో అమెరికా వైద్య సంఘం పత్రికలో మరో పరిశోధన వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవయసువాళ్లు పది రోజులు మంచం మీద గడిపేసరికి వాళ్ల కాళ్లలోని కండ దాదాపు ఒక కిలో తరిగింది. ఇదంతా ఏ జబ్బూ లేనివాళ్ల సంగతి. జ్వరం, ఇన్ఫెక్షన్, ఆకలి లేకపోవడం తోడైన డెబ్బై ఏళ్ల రైతు సంగతి వేరే చెప్పాలా? ఆస్పత్రిలో చేరిన డెబ్బై ఏళ్లు దాటినవాళ్లలో దాదాపు 35 శాతం మంది, జబ్బు రాకముందు సొంతంగా చేసుకున్న పనుల్లో కొన్నిటిని చేసుకోలేని స్థితిలో ఇంటికి వెళ్తున్నారని 2003లో అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం చెప్పింది. జబ్బు నయమవుతుంది, మనిషి మాత్రం తగ్గిపోయి ఇంటికి వెళ్తాడు.

ఇది కొత్తగా కనిపెట్టిన విషయమూ కాదు. బ్రిటిష్ వైద్యుడు రిచర్డ్ ఆషర్ 1947లోనే, మంచం మీద పడుకోబెట్టడంలో ఉన్న ప్రమాదాల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. రక్తం గడ్డకట్టడం, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరడం, పుండ్లు పడటం, మలబద్ధకం, మనసు కుంగిపోవడం, ఇలా ఒక్కో అవయవానికి జరిగే నష్టాన్ని ఏకరువు పెట్టాడు. ఆ రోజుల్లో గుండెపోటు వచ్చినవాళ్లను వారాల తరబడి కదలనిచ్చేవారు కాదు. 1952లో సామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ అనే ఇద్దరు అమెరికా వైద్యులు అలాంటి రోగులను పగటిపూట కుర్చీలో కూర్చోబెట్టి చూశారు. సొంత ఆస్పత్రిలోనే వాళ్లకు గట్టి వ్యతిరేకత ఎదురైంది. అయినా కుర్చీ ఎవరినీ చంపలేదు. ఇవాళ గుండెపోటు రోగిని వీలైనంత త్వరగా లేపి నడిపించడం మామూలు పద్ధతి. 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక సమీక్ష 15 రకాల పరిస్థితుల్లో పడక విశ్రాంతిని పరీక్షించిన 39 ట్రయల్స్‌ను కలిపి చూసింది. పడకనే చికిత్సగా వాడిన 15 ట్రయల్స్‌లో ఒక్క ఫలితమైనా చెప్పుకోదగినంత మెరుగుపడలేదు. తొమ్మిది ఫలితాలు దిగజారాయి.

ఈ సాక్ష్యం నుంచి వైద్యుడు తీసుకోవాల్సిన పాఠం అతని సొంత భాషలోనే ఉంది. యాంటీబయాటిక్ రాస్తే డోసెంతో, ఎన్ని రోజులో, ఎప్పుడు ఆపాలో రాస్తారు. స్టెరాయిడ్ మొదలుపెడితే దుష్ఫలితాల మీద ఓ కన్నేసి ఉంచుతారు. సి.బి.ఆర్. అని రాసినప్పుడు మాత్రం ఎన్ని రోజులో రాయరు, ఎందుకో రాయరు, ఎప్పుడు ఆపాలో అసలే రాయరు. ఆ ఆదేశం కేసు షీటులో ఒక పేజీ నుంచి మరో పేజీకి తనంతట తాను నడిచి వెళ్తుంది, రోగి మాత్రం నడవడు. పడకను మందుగా చూడటం మొదలుపెడితే సగం చదువు అయినట్టే. నిలకడలేని వెన్నెముక విరుపుకీ, నిలబడని బీపీకీ, ఆగని రక్తస్రావానికీ ఆ మందు కావాలి. నెమ్ము తగ్గుతున్న మనిషికి, షుగరు అదుపులోకొచ్చిన మనిషికి, గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయి మూడో రోజున ఉన్న మనిషికి ఎందుకు ఇస్తున్నామో చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆపేయాలి.

తెలియకపోవడం ఎవరి తప్పు?

ఇంత పాత సంగతి మన వార్డులకు చేరకపోవడానికి వైద్యుల బద్ధకం కారణం కాదు. వాళ్ల చదువు ఎలా సాగుతుందో చూస్తే తెలుస్తుంది. 2019లో అమలుకొచ్చిన కొత్త ఎం.బి.బి.ఎస్. పాఠ్య ప్రణాళికలో పునరావాస వైద్యానికి సంబంధించిన నైపుణ్యాలను చేర్చారు. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ కొత్త కళాశాలలకు ప్రకటించిన కనీస ప్రమాణాల్లోకి వచ్చేసరికి, తప్పనిసరిగా ఉండాల్సిన విభాగాల జాబితాలో ఆ విభాగానికి చోటు దక్కలేదు. అంటే పాఠం ఉండాలి, చెప్పే పంతులు లేకపోయినా ఫర్వాలేదు! ఆంధ్రప్రదేశ్‌కు మంజూరైన 17 కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలల జాబితాలో బాపట్ల కూడా ఉంది. పిట్టలవానిపాలెం ప్రజలకు అదే దగ్గరి కళాశాల అవుతుంది. అక్కడి విద్యార్థి పక్షవాతం వచ్చిన రోగిని కూర్చోబెట్టడం ఎవరి దగ్గర నేర్చుకుంటాడన్నది ఇప్పుడే అడగాల్సిన ప్రశ్న. అదే సమయంలో ప్రపంచం ఎదురు దిశలో నడుస్తోంది. పునరావాసంతో మేలు పొందగల ఆరోగ్య సమస్య ప్రతి ముగ్గురిలో ఒకరికి ఉందని, అలాంటివాళ్లు 240 కోట్ల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆరోగ్య వ్యవస్థల్లో పునరావాసాన్ని బలపరచాలని 2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానం కూడా చేసింది.

మరి మన వైద్యుడికి అంగవైకల్యంతో పరిచయం ఎక్కడ? ఎక్కువగా వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరంలో. అక్కడ అతని పని శాతం తేల్చడం. నలభై శాతానికి చేరిందా లేదా చూసి సంతకం పెట్టడం. ప్రభుత్వ సాయం కూడా ఆ శాతం చుట్టూనే తిరుగుతుంది. 2024 జూలై నుంచి రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000 రూపాయలు. 2019 డిసెంబరులో గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మొదలైన ఆరోగ్య ఆసరా పథకం కింద, చికిత్స తర్వాత కోలుకునే రోజులకు రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు 5,000 దాటకుండా ఇచ్చేవారు. ఈ సాయం అన్యాయమని ఎవరూ అనలేరు. మంచాన పడ్డ మనిషి ఇంట్లో ఇద్దరి కూలి పోతుంది. కాకపోతే గమనించాల్సింది ఒకటుంది. మంచంలో ఉన్న మనిషికి ఎంత ఇవ్వాలో మనం రూపాయల్లో లెక్కగట్టాం. మంచం దిగేలా చేసే పని ఎవరిదో మాత్రం తేల్చుకోలేదు. ఆ పని సదరం సంతకానికి నెలల ముందు, వార్డులో మూడో రోజున మొదలవ్వాలి. అప్పుడు రోగి పక్కన నిలబడి ఉన్నది ఈ వైద్యుడే.

తెలుసుకోవాలన్న పట్టుదల ఉంటే దారి దొరుకుతుందని చెప్పే రెండు ఉదాహరణలు మన దేశంలోనే ఉన్నాయి. మనవాళ్లు రాయవేలూరు అని పిలుచుకునే వేలూరు సి.ఎం.సి. ఆస్పత్రిలో పనిచేసే యువ వైద్యురాలు మేరీ వర్గీస్‌కు 1954లో జరిగిన కారు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడింది. చక్రాల కుర్చీలో కూర్చునే ఆమె కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. న్యూయార్క్ వెళ్లి హోవార్డ్ రస్క్ దగ్గర పునరావాస వైద్యం నేర్చుకుని వచ్చారు. 1966లో వేలూరులో తెరిచిన పునరావాస సంస్థ ఆ పట్టుదల ఫలితమే. ఇక జైపూర్ కాలు సంగతి. 1960ల చివర్లో ఎముకల వైద్యుడు పి.కె. సేఠీ, చేతిపని కళాకారుడు రామచంద్ర శర్మ కలిసి దాన్ని తయారుచేశారు. పడమటి దేశాల కృత్రిమ కాలు బూటు తొడుక్కుని కుర్చీలో కూర్చునేవాళ్ల కోసం పుట్టింది. మన మనిషి నేల మీద బాసిపట్టు వేస్తాడు, గొంతుక్కూర్చుంటాడు, చెప్పుల్లేకుండా బురదలో దిగుతాడు. రోగి ఇంటి నేలను, పొలం గట్టును లెక్కలోకి తీసుకున్నందుకే ఆ కాలు నిలిచింది. అందుకోసం ఒక సర్జన్ చేతిపని మనిషి పక్కన కూర్చుని నేర్చుకోవాల్సి వచ్చింది. పునరావాసం గురించి చదువుకున్న వైద్యుడికి ముందుగా అలవడాల్సిన గుణం ఇదే: తనకంటే చిన్న డిగ్రీ ఉన్నవాళ్లను అడగడానికి మొహమాటపడకపోవడం.

వార్డే తరగతి గది

జూనియర్ డాక్టరు దేన్ని నేర్చుకుంటాడు? రేపు రౌండ్స్‌లో అడుగుతారనుకున్నదాన్ని. పొటాషియం ఎంత అని ప్రొఫెసరు రోజూ అడుగుతారు కాబట్టి హౌస్ సర్జన్ తెల్లారకముందే ల్యాబుకు పరుగెత్తుతాడు. "నిన్న ఎంతవరకు లేచారు?" అని అడిగితే అతను తెల్లారకముందే మంచం దగ్గరికి వెళ్తాడు. అందుకే సీనియర్లకు ఇచ్చే మొదటి సలహా: గంట సేపు ఉపన్యాసం పెట్టించకండి, రోజూ ఒక ప్రశ్న అడగండి. రెండోది, జవాబుకు ఒక అంకె ఉండేలా చూడండి. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రి దీనికి ఎనిమిది మెట్ల కొలత ఒకటి తయారుచేసింది. ఊరికే పడుకుని ఉంటే ఒకటి. మంచం మీదే కదిలితే రెండు. మంచం అంచున కూర్చుంటే మూడు. కుర్చీలోకి మారితే నాలుగు. ఒక నిమిషం నిలబడితే ఐదు. పది అంగలు వేస్తే ఆరు. ఇరవై ఐదు అడుగుల దూరం నడిస్తే ఏడు. రెండు వందల యాభై అడుగుల దూరం నడిస్తే ఎనిమిది. దీనికి యంత్రం అక్కర్లేదు, ఖర్చు లేదు. బీపీ పక్కన ఒక గడి గీసుకుంటే చాలు. నిన్న నాలుగు ఉన్నది ఇవాళ రెండైతే, జ్వరం పెరిగినట్టే అది కూడా ఒక హెచ్చరిక. కొత్త ఇన్ఫెక్షనో, మందు మత్తో, లోపల రక్తస్రావమో కారణం కావచ్చు. కదలికను కొలిచే వైద్యుడు జబ్బును కూడా త్వరగా పట్టుకుంటాడు.

మూడోది, ఎవరు ఏం చేస్తారో చూసి తెలుసుకోవడం. చాలా కేసు షీట్లలో పునరావాసమంతా "ఫిజియో" అన్న ఒక్క మాటలో ముగుస్తుంది. దాంతో ఇంటివాళ్లు అదేదో కరెంటు పెట్టించుకోవడం అనుకుంటారు. ఫిజియోథెరపిస్టు బలాన్ని, నిలకడను, నడకను తిరిగి తెస్తారు. ఆక్యుపేషనల్ థెరపిస్టు అన్నం కలుపుకోవడం, పంచె కట్టుకోవడం, స్నానం చేయడం లాంటి రోజువారీ పనులను కొత్త పద్ధతిలో నేర్పుతారు. స్పీచ్ థెరపిస్టు మాటతోపాటు మింగడాన్ని కూడా చూస్తారు. పక్షవాతం వచ్చిన రోగి మింగగలడో లేదో చూడకుండా నోట్లో నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. కాలిపర్లు, కృత్రిమ అవయవాలు అమర్చేవాళ్లు వేరు. వీళ్లందరి పనినీ ఒక దారిలో పెట్టేది పునరావాస వైద్య నిపుణులు. వీళ్లంతా చిన్న ఆస్పత్రిలో ఉండరు, నిజమే. ఉన్న ఒక్క ఫిజియోథెరపిస్టు దగ్గరైనా ప్రతి హౌస్ సర్జన్ ఒక పూట గడపాలి. అరవై కిలోల మనిషిని నడుం పట్టేయకుండా మంచం నుంచి కుర్చీలోకి ఎలా మార్చాలో చేతులతో చేసి నేర్చుకోవాలి. చక్రాల కుర్చీలో తానే కూర్చుని వార్డు నుంచి ఎక్స్‌రే గదిదాకా ఒకసారి వెళ్లిరావాలి. ఎక్కడ మెట్టు ఉందో, ఏ తలుపు ఇరుకో, ఏ మరుగుదొడ్డిలోకి కుర్చీ పట్టదో ఆ ఒక్క ప్రయాణం చెప్పినంత బాగా ఏ పుస్తకమూ చెప్పదు.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది, రోగి ఇల్లు. పిట్టలవానిపాలెం నుంచి వచ్చిన అరవై ఐదేళ్ల రైతు ఒకాయన ఉన్నాడనుకుందాం. తుంటి ఎముక విరిగితే తెనాలిలోనో గుంటూరులోనో ఆపరేషన్ అయింది. బ్రిటన్ జాతీయ మార్గదర్శకాల ప్రకారం ఇలాంటివాళ్లను, వైద్యపరమైన అడ్డంకి లేకపోతే, ఆపరేషన్ మర్నాటి నుంచే లేపాలి. వార్డులో వాకరు పట్టుకుని నున్నటి గచ్చు మీద నడిచాడు, డిశ్చార్జి చేశారు. ఇంటికెళ్తే ఆటో దిగాలి, అరుగు ఎక్కాలి, గడప దాటాలి. నులక మంచం మోకాలి ఎత్తు కూడా ఉండదు. మరుగుదొడ్డి దొడ్లో ఉంటుంది, అందులో గొంతుక్కూర్చోవాలి, విరిగిన తుంటికి అదే కుదరదు. వానాకాలం అయితే ఆ దారంతా నల్లరేగడి బురద. ఆ వాకరు గోడకు చేరుతుంది, ఆయన మంచానికి చేరతాడు. నెల తర్వాత వచ్చి "ఆపరేషన్ ఫెయిలైంది" అంటారు. ఫెయిలైంది ఆపరేషన్ కాదు, ముందుగా అడగని నాలుగు ప్రశ్నలు. ఇంటి ముందు మెట్లెన్ని? మంచం ఎత్తెంత? మరుగుదొడ్డి ఎక్కడ, ఎలాంటిది? పగటిపూట ఇంట్లో తోడెవరు? వీటికి రెండు నిమిషాలు పడుతుంది. జవాబులు తెలిస్తే మంచం కింద ఇటుకలు పెట్టమనో, కమోడ్ కుర్చీ కొనమనో, గడప దాటడం ఇక్కడే నాలుగుసార్లు చేయించమనో చెప్పగలరు. ఫిజియోథెరపిస్టుకు రాసే చీటీలో కూడా ఈ సంగతులే ఉండాలి: జబ్బు రాకముందు ఏం చేసుకునేవాడు, ఇప్పుడు ఏం చేయగలడు, ఏం చేయకూడదు, ఇంటికెళ్లాక ఏం చేయాలి.

ఎదురు ప్రశ్నలు

"లేపితే పడతాడు, పడితే నన్నంటారు" అన్నది మొదటి భయం. బంధువుల కోపం, కేసులు అన్నీ తెలిసినవే కాబట్టి దీన్ని కొట్టిపారేయకూడదు. అయితే పడుకోబెట్టినంత మాత్రాన పడిపోవడం తప్పిపోదు, వాయిదా పడుతుంది అంతే. పది రోజులు కండ కరిగిన కాళ్లతో ఇంటికెళ్లి, రాత్రి చీకట్లో దొడ్లోకి వెళ్తూ పడతాడు. వార్డులో పడితే పట్టుకోవడానికి పక్కన మనిషి ఉంటాడు, దొడ్లో ఉండడు. 2009లో లాన్సెట్‌లో వచ్చిన ఒక ట్రయల్ వెంటిలేటర్ మీద ఉన్న 104 మందిని తీసుకుంది. మత్తు కాసేపు ఆపి, మొదటి రోజుల నుంచే వ్యాయామం, రోజువారీ పనులు చేయించిన వాళ్లలో 59 శాతం మంది తమ పనులు తాము చేసుకుంటూ ఇంటికెళ్లారు. మామూలు పద్ధతిలో ఉన్నవాళ్లలో ఆ సంఖ్య 35 శాతం. మొత్తం 498 వ్యాయామపు పూటల్లో తీవ్రమైన సంఘటన ఒక్కటే జరిగింది. వెంటిలేటర్ గొట్టంతో ఉన్న మనిషినే జాగ్రత్తగా లేపగలిగినప్పుడు, సెలైన్ ఒక్కటే ఉన్న మనిషిని లేపలేకపోవడానికి కారణం ప్రమాదం కాదు, అలవాటు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది, అది పరిశోధన నుంచే వస్తుంది. పక్షవాతం వచ్చిన 2,104 మందితో ఐదు దేశాల్లోని 56 ఆస్పత్రుల్లో జరిగిన అవెర్ట్ ట్రయల్ 2015లో ఒక చేదు నిజం చెప్పింది. మొదటి 24 గంటల్లోనే లేపి, ఎక్కువ సేపు, ఎక్కువసార్లు సాధన చేయించిన వాళ్లలో మంచి ఫలితం 46 శాతం మందికే దక్కింది. మామూలు సంరక్షణలో అది 50 శాతం. అంటే త్వరగా లేపడం ఎప్పుడూ మేలే అనుకోవడం కూడా పొరపాటే. తర్వాత ఆ వివరాలను విడదీసి చూస్తే, ఒకేసారి ఎక్కువసేపు చేయించడం కంటే కొద్దికొద్దిసేపు, ఎక్కువసార్లు చేయించడం మేలని తెలిసింది. ఈ ఫలితం మన వాదనను పడగొట్టదు, దానికి పదును పెడుతుంది. కదలిక కూడా మందే అయితే దానికీ డోసు ఉంటుంది, ఎక్కువైతే హాని ఉంటుంది. డోసు తేల్చాల్సింది వైద్యుడు. "బెడ్ రెస్ట్" అన్నా "బాగా నడిపించండి" అన్నా రెండూ డోసు లేని చీటీలే.

మూడో మాట ప్రతి ప్రభుత్వ ఆస్పత్రిలో వినిపించేది: "నలభై మంచాలకు ఇద్దరు నర్సులు, ఫిజియోథెరపిస్టు ఒక్కరు, ఎక్కడ కుదురుతుంది? ఇంటివాళ్లకు నేర్పితే పోలేదా?" మన దగ్గర ప్రతి మంచం పక్కనా ఒక సహాయకుడు ఉంటాడు కాబట్టి ఈ ఆలోచన సహజం. భారతదేశంలోనే 14 ఆస్పత్రుల్లో 1,250 మంది పక్షవాత రోగులతో దీన్ని పరీక్షించారు. 2017లో వెలువడిన అటెండ్ ట్రయల్ అది. ఇంటివాళ్లకు శిక్షణ ఇచ్చి వాళ్లచేతే పునరావాసం చేయించారు. ఆరు నెలల తర్వాత మరణించినవాళ్లు, ఇతరుల మీద ఆధారపడ్డవాళ్లు కలిపి చూస్తే రెండు వైపులా 47 శాతమే. తేడా లేదు. బరువంతా కుటుంబం మీద వేసి చేతులు దులుపుకుంటే కుదరదని దీని అర్థం. మరోపక్క, పక్షవాత రోగులను వైద్యులు, నర్సులు, థెరపిస్టులు ఒక జట్టుగా చూసుకునే ప్రత్యేక వార్డుల్లో మరణాలు, పరాధీనత తగ్గుతాయని ఎన్నో ట్రయల్స్ చూపాయి. కాబట్టి ఇంటి మనిషి చేతులు కావాలి, కానీ ఆ చేతులు ఒక జట్టులో భాగం కావాలి. ఉన్న తక్కువ మందితో పని సర్దుకోవడానికి కూడా కొలతే దారి. ఏడు, ఎనిమిది మెట్ల మీద ఉన్నవాళ్లను ఇంటివాళ్లు నడిపించవచ్చు. నాలుగు నుంచి ఆరు వరకు ఉన్నవాళ్లను నర్సు చూస్తూ ఉండగా లేపాలి. మూడు దాటనివాళ్ల కోసం, నిన్నటి కంటే దిగజారినవాళ్ల కోసం ఆ ఒక్క ఫిజియోథెరపిస్టు సమయం దాచాలి. అందరికీ "ఫిజియో" అని రాసే వైద్యుడు నిజంగా అవసరమైనవాళ్ల వంతును కూడా పంచేస్తున్నాడు.

ఇక నాలుగోది, ఇంటివాళ్ల ప్రేమ. మన ఇళ్లల్లో రోగిని లేవనివ్వకపోవడమే సేవ. గ్లాసు చేతికందించాలి, అన్నం కలిపి పెట్టాలి, "నువ్వు లేవకు నాన్నా, మేమున్నాం కదా" అనాలి. దీన్ని మూఢత్వమని విదిలిస్తే మనిషి మనసు మూసుకుంటుంది. ఆ ప్రేమకు వేరే పని అప్పజెప్పాలి. గ్లాసు మంచం మీదికి అందించే బదులు నాలుగంగల దూరంలో బల్ల మీద పెట్టి, పక్కన చెయ్యి పట్టుకుని నిలబడమనాలి. ఈ మాట వైద్యుడు తప్ప ఇంకెవరు చెప్పినా చెల్లదు. "డాక్టరు గారు లేవొద్దన్నారు" అన్న ఒక్క వాక్యం ఇంట్లో ఏళ్ల తరబడి చట్టంలా నడుస్తుంది. ఎప్పుడో మూడు రోజులకు చెప్పిన మాట మూడేళ్లకు పొడిగించుకుంటారు. అందుకే దాన్ని రద్దు చేసే అధికారం కూడా డాక్టరుకే ఉంది. "ఇక లేవొచ్చు, లేవాలి" అని నోటితో చెప్పి కాగితం మీద కూడా పెట్టాలి.

రేపటి రౌండ్స్‌కి

ఇది చదివిన వైద్యుడు వ్యవస్థ మారేదాకా ఎదురుచూడక్కర్లేదు. రేపు ఉదయం ప్రతి మంచం దగ్గరా మూడు పనులు చేయవచ్చు. విశ్రాంతి ఆదేశం ఉంటే ఎందుకు, ఎప్పటిదాకా అని రాయడం, కారణం దొరకకపోతే కొట్టేయడం. నిన్నటి మెట్టు ఎంత, ఇవాళ్టి లక్ష్యం ఎంత అని ఒక అంకె వేయడం. ఇల్లు ఎలా ఉంటుందని ఒక ప్రశ్న అడగడం. వారానికి ఒకసారి ఫిజియోథెరపిస్టును రౌండ్స్‌లోకి పిలిచి, వార్డులో ఒక మనిషి గురించి ఆయన్నే మాట్లాడనిచ్చి, సీనియర్ కూడా వింటే, జూనియర్లకు మరో పాఠం అక్కర్లేదు. పెద్ద డాక్టరు వింటున్న మాటకే వార్డులో విలువ. నెలాఖరున డిశ్చార్జి అయినవాళ్ల చేరిన రోజు మెట్టునూ వెళ్లిన రోజు మెట్టునూ పక్కపక్కన పెట్టి చూడండి. తగ్గినవాళ్లు ఎందరో ఆ కాగితమే చెబుతుంది. ఎవరినీ నిందించకుండా, ఆ పేర్ల మీద ఒక్క గంట మాట్లాడుకుంటే చాలు.

చివరిగా డిశ్చార్జి చీటీ. మందుల పేర్లు, పరీక్షల అంకెలు, మళ్లీ రావాల్సిన తేదీ, ఇవన్నీ ఎప్పటిలాగే ఉండనివ్వండి. వాటి కింద తెలుగులో ఒక్క వాక్యం చేర్చండి: "వాకరు సాయంతో ఇంటి గడప దాటగలరు, రోజుకు నాలుగుసార్లు వీధి చివరిదాకా నడవాలి, గొంతుక్కూర్చోకూడదు." ఆ వాక్యం రాయాలంటే వైద్యుడు రోగిని నడిపించి చూసి ఉండాలి, గడప గురించి అడిగి ఉండాలి, థెరపిస్టుతో మాట్లాడి ఉండాలి. ఆ ఒక్క వాక్యం నిజాయితీగా రాయగలిగితే ఈ అధ్యాయమంతా వంటబట్టినట్టే. చీటీలో మిగతాదంతా ఇంగ్లీషులో ఉన్నా ఫర్వాలేదు. సాయంత్రం అరుగు మీద కూర్చుని "లేచి తిరుగుతున్నాడా?" అని అడిగేవాళ్లకు చదివి వినిపించాల్సింది ఆ ఒక్క వాక్యమే.